గొట్టం లోపల ఒక చిన్న బొమ్మ

శ్రోతలకు నమస్కారం.

టెలిస్కోపు అనగానే ఎవరైనా ముందు అడిగేది, "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. నేనూ అదే అడిగాను. నా మొదటి టెలిస్కోపు పెట్టె మీద 'ఐదు వందల రెట్లు' అని ఇంతింత అక్షరాలతో అచ్చేసి ఉంది. ఆ అంకె చూసే కొన్నాను. ఆ రాత్రి దాన్ని గురుగ్రహం వైపు తిప్పి, అన్నిటికన్నా ఎక్కువ రెట్లు చూపించే ఏర్పాటుతో కన్ను పెడితే ఒక మసక ముద్ద కనబడింది. అదీ వణుకుతూ. నాలుగు నిమిషాలు వెతుక్కోవడం, నాలుగు సెకన్లు చూడడం, అది జారిపోతే మళ్ళీ వెతుక్కోవడం. అడగాల్సిన ప్రశ్న అది కాదని అర్థం కావడానికి నాకు చాలా రోజులే పట్టింది.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కాబట్టి, ఆ పని మీ చేతే చేయిస్తాను. ఇంట్లో భూతద్దం ఉంటే, పగటి పూట గదిలో లైట్లన్నీ ఆర్పేసి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. భూతద్దాన్ని గోడకు ఆనించి, మెల్లగా వెనక్కి జరపండి. మొదట గోడ మీద తెల్లటి మరక పడుతుంది. ఇంకొంచెం జరిపితే ఆ మరకకు అంచులు వస్తాయి. ఒకచోట చటుక్కున కిటికీ మొత్తం గోడ మీద వాలుతుంది: చువ్వలు, బయటి చెట్టు, ఆకాశం, అన్నీ రంగులతో సహా, అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నగా, తలకిందులుగా. గాలికి చెట్టు కదిలితే గోడ మీది చెట్టూ కదులుతుంది.

లెన్సులతో పనిచేసే వక్రీభవన టెలిస్కోపులో సగం కథ అదే. గాలిలోంచి గాజులోకి, గాజులోంచి మళ్ళీ గాలిలోకి వెళ్ళేటప్పుడు వెలుగు వంగుతుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కుంభాకార కటకం, అదే మన లెన్సు, దూరం నుంచి వచ్చే కిరణాలను వంచి ఒకచోటికి చేరుస్తుంది. లెన్సు నుంచి ఆ చోటికి ఉండే దూరాన్నే స్కూల్లో నాభ్యంతరం అని బట్టీ పట్టాం. టెలిస్కోపు ముందు భాగాన ఉండే పెద్ద లెన్సు, అంటే వస్తు కటకం, చందమామనో గురుగ్రహాన్నో ఇలాగే చిన్న బొమ్మగా తయారు చేస్తుంది. అయితే అక్కడ గోడ లేదు. గొట్టం చివర, ఉత్త గాలిలో ఆ బొమ్మ ఏర్పడుతుంది. మనం కన్ను పెట్టే ఐపీసు, పుస్తకాల భాషలో అక్షి కటకం, ఆ చిన్న బొమ్మను పెద్దది చేసి చూపించే భూతద్దం. మనం చూస్తున్నది ఆకాశాన్ని అనుకుంటాం గానీ, నిజానికి గొట్టంలో ఏర్పడిన బొమ్మనే పరీక్షగా చూస్తుంటాం.

మొదట్లో ఏర్పాటు కాస్త వేరు. 1608లో నెదర్లాండ్స్‌లోని మిడెల్‌బర్గ్‌లో కళ్ళజోళ్ళు చేసే హన్స్ లిపర్‌షే ఇలాంటి పరికరానికి పేటెంట్ అడిగాడు. నాకూ తెలుసంటూ మరికొందరు ముందుకు రావడంతో అతనికి పేటెంట్ దక్కలేదు. మరుసటి ఏడు ఆ కబురు విని గెలీలియో సొంతంగా తయారు చేసుకున్నాడు. ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర మధ్యలో పలచగా ఉండే పుటాకార కటకం. దాంట్లో దృశ్యం నిటారుగానే కనబడుతుంది, కాని తాళం చెవి రంధ్రంలోంచి చూసినట్టు ఇరుకు. ఆ ఇరుకులోంచే 1610 జనవరి 7న గురుడి పక్కన మూడు చిన్న చుక్కలు చూశాడు. కొద్ది రోజుల్లో నాలుగోదీ దొరికింది. అవి గురుడి చందమామలు. కంటి దగ్గర కూడా కుంభాకార కటకమే పెట్టవచ్చని 1611లో కెప్లర్ వివరించాడు. దృశ్యం తలకిందులవుతుంది గానీ, చూపుకి దొరికే మేర బాగా పెరుగుతుంది. ఆకాశంలో పైకేది, కిందికేది? అందుకే తలకిందుల సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈనాటికీ ఆకాశం చూసే టెలిస్కోపుల్లో వాడేది కెప్లర్ పద్ధతే.

ఇప్పుడు అసలు అడగాల్సిన ప్రశ్న. ముందున్న లెన్సు వెడల్పు ఎంత? చీకట్లో మన కంటిపాప ఎంత విచ్చుకున్నా దాదాపు 7 మిల్లీమీటర్లు. టెలిస్కోపు లెన్సు 70 మిల్లీమీటర్లనుకోండి. వెడల్పు పది రెట్లే, కాని వైశాల్యం వంద రెట్లు. అంటే మామూలు కన్ను పట్టుకునే దానికి వంద రెట్ల వెలుగు. వాకిట్లో చెంబు పెట్టినప్పటికీ గంగాళం పెట్టినప్పటికీ పట్టే వాన నీటిలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. పైగా లెన్సు వెడల్పయ్యే కొద్దీ బొమ్మలోని నాణ్యత పెరుగుతుంది, ఒక్కటిగా కనబడే జంట నక్షత్రాలు రెండుగా విడిపోతాయి.

ఎన్ని రెట్లన్నది చిన్న భాగహారం. పెద్ద లెన్సు నాభ్యంతరాన్ని ఐపీసు నాభ్యంతరంతో భాగిస్తే సరి. పెద్ద లెన్సుది 700 మిల్లీమీటర్లు, ఐపీసుది 25 అయితే 28 రెట్లు. ఐపీసు మార్చి 10 పెడితే 70 రెట్లు. అందుకే ఐపీసులు రెండు మూడు ఇస్తారు. ఇలా మారుస్తూ పోతే ఎక్కడిదాకా అయినా వెళ్ళొచ్చుగా అంటే, వెళ్ళొచ్చు, కాని అక్కడ చూడడానికి ఏమీ ఉండదు. లెన్సు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతల రెట్లే హద్దు అని ఒక వాడుక లెక్క ఉంది. 70కి 140. నా పెట్టె మీది ఐదు వందలు ఎలా వచ్చాయంటారా? 4 మిల్లీమీటర్ల ఐపీసుకి తోడు, రెట్లను మూడింతలు చేసే బార్లో అనే మరో లెన్సు మధ్యలో ఇరికించి లెక్కేశారు. లెక్క తప్పు కాదు. కాని బొమ్మలో లేని వివరాన్ని ఐపీసు ఎక్కడి నుంచి తెస్తుంది? ఉన్న కాస్త వెలుగునీ పలచగా పరిచి మసక చేస్తుంది, అంతే.

వక్రీభవన టెలిస్కోపుకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది, రంగులు. పట్టకంలోంచి వెళ్ళిన తెల్లని వెలుగు ఏడు రంగులుగా విడిపోవడం మనకు తెలుసు. లెన్సు అంచు కూడా ఒకరకంగా పట్టకమే. నీలం ఎక్కువ వంగి లెన్సుకు దగ్గర్లోనే కలుసుకుంటుంది, ఎరుపు కొంచెం అవతల. నీలానికి సరిచేస్తే ఎరుపు చెదురుతుంది, ఎరుపుకి సరిచేస్తే నీలం. చందమామ అంచున ఊదారంగు జరీలాగా కనబడేది ఇదే. లెన్సు వంపు తగ్గించి నాభ్యంతరం పెంచితే ఈ పీడ తగ్గుతుంది. దాంతో పదిహేడో శతాబ్దంలో టెలిస్కోపులు పొడుగవుతూ పోయాయి. డాన్‌జిగ్ నగరంలో, అంటే ఇప్పటి పోలండ్‌లో, ఖగోళవేత్త హెవీలియస్ కట్టింది ఏకంగా 150 అడుగులు. పెద్ద స్తంభానికి తాళ్ళతో వేలాడదీసిన ఆ కొయ్య నిర్మాణం గాలి వీస్తే ఊగేది. డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ అయితే ఈ గొట్టం గొడవే వద్దని లెన్సును స్తంభం మీద పెట్టి, ఐపీసు కింద తన దగ్గర ఉంచుకుని, రెంటికీ మధ్య దారం కట్టుకున్నాడు.

ఈ జబ్బుకు మందు లేదనుకున్న న్యూటన్ లెన్సును వదిలేసి 1668లో వెలుగును ప్రతిఫలించే అద్దంతో టెలిస్కోపు చేశాడు. మందు ఉందని 1733 ప్రాంతంలో కనిపెట్టింది చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లండ్ లాయరు. క్రౌన్ అనే రకం గాజుతో కుంభాకార కటకం, ఫ్లింట్ అనే మరో రకం గాజుతో పుటాకార కటకం చేసి జోడించాలి. మొదటిది విడదీసిన రంగులను రెండోది చాలావరకు దగ్గరికి తెస్తుంది. రహస్యం బయటపడకూడదని ఆయన రెండు లెన్సులనూ ఇద్దరు వేర్వేరు పనివాళ్ళకు ఇచ్చాడట. ఆ ఇద్దరూ పనిని ఒకే మూడో మనిషికి అప్పగించారట! చివరికి 1758లో పేటెంట్ పొందింది జాన్ డాలండ్. ఇవాళ మామూలు వక్రీభవన టెలిస్కోపులో ముందు ఉండేది ఈ జోడీయే.

మిగతా భాగాల్లో గొట్టం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పక్క వెలుగులు మెరవకుండా లోపలంతా నల్లరంగు, మధ్యమధ్య రంధ్రాలున్న బిళ్ళలు. ముందు భాగాన లెన్సు దాటి పొడుచుకు వచ్చిన టోపీలాంటిది ఉంటుంది, అది మంచు పట్టకుండా. వెనక ఫోకసర్, దాని మరను తిప్పితే ఐపీసు ముందుకీ వెనక్కీ జరిగి, బొమ్మ ఉన్నచోటికి సరిగ్గా చేరుతుంది. దానికి తగిలించే వంకర ముక్క డయాగ్నల్. లోపల అద్దం ఉంటుంది. నెత్తిన ఉన్న నక్షత్రాన్ని చూడడానికి నేల మీద పడుకోకుండా కాపాడేది ఇదే. కాకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి.

గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న టెలిస్కోపు, ఫైండర్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పగలు సూర్యుడికి దూరంగా, ఏ టవర్ కొననో పెద్ద టెలిస్కోపులో మధ్యకు తెచ్చి, ఫైండర్ గీతలు కూడా అదే కొన మీద పడేలా మరలు బిగించుకోవాలి. ఆ పది నిమిషాలు బద్ధకిస్తే రాత్రంతా టెన్షనే.

నన్నడిగితే, లెన్సు తర్వాత అంత ముఖ్యమైనది కింద ఉండే స్టాండు. బొమ్మను వంద రెట్లు పెంచితే కుదుపూ వంద రెట్లు పెరుగుతుంది. దీనికి తోడు భూమి తిరుగుతుంటుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది, అంటే చందమామ తన వెడల్పంత దూరం జరగడానికి రెండే నిమిషాలు. పైకీ కిందికీ, పక్కలకీ తిరిగే సాదా స్టాండయితే రెండు వైపులా సర్దుతూ ఉండాలి. ఒక ఇరుసును ధ్రువం వైపు వాల్చిన ఈక్వటోరియల్ రకంలో ఒక్క ఇరుసు తిప్పితే చాలు. నా మొదటి గురుగ్రహం వణికింది సగం స్టాండు వల్లే.

ఒక హెచ్చరిక. టెలిస్కోపుతో గానీ ఫైండర్‌తో గానీ సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, క్షణం కూడా. కన్ను పోతుంది. చూడాలంటే అందుకోసమే చేసిన ఫిల్టర్ ముందున్న పెద్ద లెన్సుకే తొడగాలి. ఐపీసుకు బిగించే నల్ల ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని నమ్మకండి.

వక్రీభవన టెలిస్కోపుల్లో పరిశోధనకు వాడిన వాటన్నిటిలోకీ పెద్దది అమెరికాలోని యెర్కీస్ వేధశాలలో ఉంది. 1897 నాటిది, లెన్సు వెడల్పు 102 సెంటీమీటర్లు. అంతకు మించితే కష్టం. లెన్సును అంచుల దగ్గరే పట్టుకోగలం, వెనక ఊతం పెడితే వెలుగుకు అడ్డం కదా. బరువుకు గాజు మధ్యలో కుంగిపోతుంది. అద్దానికైతే వెనకంతా ఊతం ఇవ్వొచ్చు, అందుకే ఆ తర్వాతి పెద్ద టెలిస్కోపులన్నీ అద్దాలవైపు వెళ్ళిపోయాయి.

టెలిస్కోపు దొరికితే ఒక పని చేయండి. చందమామను మధ్యకు తెచ్చి, ఐపీసు తీసేయండి. ఫోకసర్‌ను కొంచెం లోపలికి తిప్పి, ఖాళీ అయిన మూతి దగ్గర పలచటి ట్రేసింగ్ కాగితం పట్టుకుని ముందుకీ వెనక్కీ జరపండి. 700 మిల్లీమీటర్ల లెన్సయితే, ఆరు మిల్లీమీటర్ల చందమామ ఆ కాగితం మీద వాలుతుంది, పూసంత. దాని మీద నల్లమచ్చలు కూడా గుర్తుపట్టవచ్చు. రెండు నిమిషాలు చెయ్యి కదలకుండా పట్టుకుంటే, అది కాగితం మీద తన వెడల్పంత దూరం మెల్లగా పక్కకు జరిగిపోతుంది.

నమస్కారం.