చెక్క స్నేర్ డ్రమ్ కొంటున్నారా? ముందు హెడ్ విప్పి చూడండి

[తెర మీద: బల్ల మీద చెక్క స్నేర్ డ్రమ్. పక్కన డ్రమ్ కీ, కొలత టేపు, సెల్‌ఫోన్.]

నమస్కారం. మా విజయనగరం జిల్లాలో వీణ కొనేవాళ్లు కట్టె గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండీ వీణకు అంత విలువ మరి. అదే అడుగున సన్న తీగలు ఆని ఉండే స్నేర్ డ్రమ్ దగ్గరికి వచ్చేసరికి పైన మెరుపు చూసి, 'మేపుల్' అన్న మాట వినగానే డబ్బులు ఇచ్చేస్తున్నాం. పెళ్లి బ్యాండు కుర్రాళ్లు, చర్చిలో వాయించేవాళ్లు వేలకు వేలు పోసి కొంటారు. వాళ్ల కోసమే ఈ వీడియో.

చెక్క రకం గురించి రెండు ముక్కలు. మేపుల్ మోత నిండుగా ఉంటుంది, బర్చ్‌లో దెబ్బ తెగినట్టు వినిపిస్తుంది, మహాగనీ కాస్త లోతుగా పలుకుతుంది. తేడా ఉంది గానీ, హెడ్ (డ్రమ్‌కు పైనా కిందా బిగించే తోలులాంటి పల్చటి రేకు), టెన్షన్ (దాని బిగువు), అంచు తెచ్చే తేడా ముందు అది చిన్నదే. ఇంకోటి, వీణలో అతుకు లేకపోవడం గొప్ప కావచ్చు, ఇక్కడ అలా కాదు. చాలా డ్రమ్ములకు షెల్‌ను, అంటే గుండ్రటి చెక్క ఒంటిని, పల్చటి పొరలు అంటించే చేస్తారు. ఒక పొర నార ఒకవైపు, పక్క పొర నార దానికి అడ్డంగా వేస్తారు కాబట్టి తేమకు చెక్క అంత తొందరగా వంకర పోదు. మన సముద్రపు గాలికి అది మంచిదే.

[దగ్గరి దృశ్యం: కీతో బోల్టులు వదులు చేసి రిమ్, హెడ్ తీయడం.]

ఇప్పుడు అసలు పని. పైహెడ్ విప్పేయండి. అమ్మేవాళ్లు విప్పనివ్వకపోతే ఆ డ్రమ్ వద్దు.

హెడ్ ఆనే ఈ అంచునే బేరింగ్ ఎడ్జ్ అంటారు. డ్రమ్ పలికేది ఇక్కడే. చాలావాటిలో లోపలివైపుకు 45 డిగ్రీల వాలు ఉంటుంది. అంచు సన్నగా ఉంటే శబ్దం పదునుగా, మోత ఎక్కువసేపు ఉంటుంది. గుండ్రంగా ఉంటే మెత్తగా, పొట్టిగా వస్తుంది. రెండూ మంచివే, మీ పాటను బట్టి ఎంచుకోండి. కానీ చుట్టూ ఒకేలా ఉండాలి. కళ్లు మూసుకుని వేలితో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. నొక్కు గానీ, చిట్లిన చోటు గానీ ఉంటే వేలికే తెలుస్తుంది. పొరల మధ్య సన్న గీతలు కనిపిస్తాయి చూడండి, అక్కడ గోరు దిగే సందు ఉంటే జిగురు సరిగా పట్టలేదని అర్థం.

[దృశ్యం: గ్రానైట్ బండ మీద షెల్. లైట్లు ఆర్పి, లోపల సెల్‌ఫోన్ టార్చి.]

అంచు చదునుగా ఉందో లేదో కంటితో తేలదు. సమంగా ఉన్న గ్రానైట్ బండ మీద షెల్‌ను బోర్లించి, లోపల టార్చి వేసి, గది చీకటి చేయండి. పైఅంచు కింద ఎక్కడా వెలుగు బయటికి రాకూడదు.

ఇప్పుడు కిందిహెడ్ కూడా తీసి, షెల్ తిరగేయండి. ఇక్కడ మాత్రం ఎదురెదురుగా రెండు చోట్ల వెలుగు రావాలి. అవే స్నేర్ బెడ్‌లు. తీగలు హెడ్‌కు అతుక్కుని కూర్చోవడానికి అంచును కొద్దిగా, రెండు మూడు మిల్లీమీటర్ల లోపే దించుతారు. ఆ పల్లం మెల్లగా దిగి మెల్లగా లేవాలి. గంటు పెట్టినట్టు తెగి ఉంటే అక్కడ హెడ్ ముడత పడుతుంది, తీగలు సగం ఆని సగం ఆనక గరగరమంటాయి. పనివాడి చెయ్యి ఎంత ఓపికైనదో నాకు ఇక్కడే తెలుస్తుంది.

టేపుతో నాలుగు వైపులా అడ్డకొలత తీయండి. 14 అంగుళాల డ్రమ్‌కు షెల్ దానికంటే కొంచెం తక్కువే ఉంటుంది. అన్ని వైపులా ఒకే కొలత రావాలి. హెడ్ పెట్టి చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరగాలి.

[దృశ్యం: హెడ్‌లు బిగించి, స్టాండు మీద డ్రమ్. తమ్ముడి చేతిలో పుల్లలు.]

శబ్దం. పాత హెడ్ మీద తీర్పు చెప్పకండి. కొత్తది వేయించి, ప్రతి బోల్టు దగ్గరా పుల్లతో తట్టి ఒకే శ్రుతికి తెచ్చుకోండి. ముందు తీగలను బిగించే లివర్ దించి, వాటిని వదిలేసి వినండి, షెల్ సొంత గొంతు అదే. తర్వాత తీగలు ఎక్కించి అంచు దగ్గర వేలితో మీటినంత మెల్లగా కొట్టండి. ఆ చిన్న దెబ్బకూ తీగలు బదులివ్వాలి. గట్టిగా ఎవరైనా మోగించగలరు, ఈ మెల్లని దెబ్బ దగ్గరే నాసిరకం డ్రమ్ దొరికిపోతుంది. ఆ తర్వాత బలంగా కొడితే శబ్దం పెరగాలి గానీ గొంతు నొక్కేసినట్టు ఆగకూడదు. శ్రుతి వదులుగా, మధ్యస్థంగా, బిగువుగా మూడు రకాలుగా పెట్టి వినండి.

తమ్ముడూ, నువ్వు వాయిస్తూ ఉండు, నేను గది చివరికి వెళ్తాను. వాయించేవాడి చెవికి తగిలే సన్నని మోత ఇక్కడికి దాదాపు రావడం లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరంలో జనం వినేది ఈ దూరం నుంచే. అందుకని కొంచెం మోత ఉందని మంచి డ్రమ్‌ను వదిలేయకండి. పక్కన బేస్ గిటార్ మోగితే తీగలు వాటంతట అవే జుమ్మనడం కూడా లోపం కాదు, ఏ స్నేర్ అయినా అంతే.

బేరం మాట. హెడ్‌లు, తీగలు, లివర్ పాడైతే మార్చుకోవచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. అంచు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా పనితెలిసినవాళ్లు మళ్లీ సరిచేయగలరు. షెల్ గుండ్రం తప్పినా, పొరలు విడిపోయినా ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోకండి.