ఫైర్‌ప్లేస్ ముట్టించే ముందు పొగగొట్టం సంగతి

అందరికీ నమస్కారం.

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి ఇంటితోపాటు హాల్లో ఒక కట్టెల ఫైర్‌ప్లేస్ కూడా వచ్చి ఉంటుంది. దసరాకి దాని ముందు బొమ్మల కొలువు పెడతాం, డిసెంబరులో మంచు పడగానే ముట్టించాలనిపిస్తుంది. ముట్టించండి, తప్పు లేదు. కానీ అందరి కళ్లూ మంట మీదే ఉంటాయి. చూడాల్సింది దాని పైన, గోడలో దాక్కున్న గొట్టాన్ని.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి. ఒకటి ఇటుకతో కట్టింది. దాని గొట్టమూ ఇటుకే, లోపల కాల్చిన మట్టి పెంకుల లైనర్, అంటే తొడుగు, ఉంటుంది. రెండోది ఫ్యాక్టరీలో తయారైన రేకు పెట్టె. లోపల ఇటుకల్లా కనిపించేవి అచ్చుపోసిన పలకలు, గొట్టం స్టీలుది. జాలీ తెర పక్కకు జరిపి చూస్తే అంచున మోడల్ నంబరున్న రేకు ముక్క ఉంటుంది. ఆ నంబరుతో మాన్యువల్ వెతికి దించుకోండి. కట్టెలు పేర్చే ఇనుప చట్రం (గ్రేటు) ఎంతది పెట్టాలి, గాజు తలుపులు బిగించొచ్చా అన్నదానికి ఆ మాన్యువల్ చెప్పిందే మాట. పలక పెచ్చులూడి వెనక రేకు కనిపిస్తుంటే, కొత్త పలక వేసేదాకా దాని జోలికి పోవద్దు. ఆ రేకుకి కాస్త వెనకే ఇంటి చెక్క ఫ్రేమ్ ఉంటుంది.

ఇల్లు కొనేటప్పుడు వచ్చిన హోమ్ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి చూసి బాగుందని రాసి ఉంటాడు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 అనే ప్రమాణం ప్రకారం గొట్టం తనిఖీ మూడు స్థాయిల్లో ఉంటుంది. ఏటా చేయించేది మొదటిది. ఇల్లు చేతులు మారినప్పుడు, లోపల కొత్త పొయ్యి బిగించినప్పుడు, గొట్టంలో మంట లేచిన తర్వాత రెండోది చేయించాలి. అందులో గొట్టంలోకి కెమెరా దించి చూస్తారు. పెంకుల మధ్య అతుకు విడిపోయిందంటే కింద నుంచి చూసేవాడికి తెలిసే దారి లేదు. మూడోది గోడ పగలగొట్టి చూసేది, అంతదాకా రావడం అరుదు.

కొలతలు కొన్ని మీరే టేపుతో చూసుకోవచ్చు. గొట్టం ఇంటి కప్పును దాటే చోట నుంచి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. లేకపోతే కప్పు మీద సుడి తిరిగే గాలి పొగను వెనక్కి తోస్తుంది. ఇటుక పొయ్యి నోరు 36 అంగుళాల వెడల్పు, 28 ఎత్తు అనుకుందాం. అంటే 1,008 చదరపు అంగుళాలు. చదరపు గొట్టం లోపలి వైశాల్యం అందులో పదో వంతు, అంటే కనీసం 101 చదరపు అంగుళాలు ఉండాలి. పొయ్యి ముందు కాలని నేల 16 అంగుళాలు, అటూ ఇటూ 8 అంగుళాలు ఉండాలి. నోరు 6 చదరపు అడుగులు, ఆపైన అయితే ముందు 20, పక్కలకి 12. మన 36 బై 28 నోరు ఏడు చదరపు అడుగులు కాబట్టి రెండో లెక్కలోకి వస్తుంది. ఆ హద్దు లోపల కార్పెట్ వద్దు.

తెరిచి ఉన్న పొయ్యి ఇంటిని వెచ్చబెట్టేది తక్కువ, ఇంట్లోని వెచ్చటి గాలిని గొట్టంలోంచి లాగేసేదే ఎక్కువ. వేడి కోసమే అయితే ఇన్‌సర్ట్, అంటే ఫైర్‌ప్లేస్ లోపలే కూర్చోబెట్టే తలుపున్న ఇనుప పొయ్యి, బిగించుకోవడం మేలు. అప్పుడు పొయ్యి మెడ నుంచి గొట్టం చివరి దాకా స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్ దించాలి, చాలా మోడళ్లకి అది 6 అంగుళాలది. కొందరు డబ్బు మిగులుతుందని పాత పెద్ద గొట్టంలోకే వదిలేస్తారు. అంత వెడల్పులో పొగ చల్లబడి, గోడలకి క్రియోసోట్ అనే మసి పడుతుంది. ఊళ్లో పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

క్రియోసోట్ అంటే కాలకుండా మిగిలిన పొగ గట్టిపడి అంటుకున్న మసి. మొదట పొడిలా ఉంటుంది, బ్రష్‌తో పోతుంది. తర్వాత పెళుసు పెచ్చులవుతుంది. ఆఖరికి తారులా మెరుస్తూ పట్టేస్తుంది, ఇక బ్రష్‌కి లొంగదు. అంగుళంలో ఎనిమిదో వంతు మందం చేరితే శుభ్రం చేయించాలి. దీనికి మూలం పచ్చి కట్టె. తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరు కొనుక్కోండి, కానీ పైన గుచ్చి చూస్తే అబద్ధం చెబుతుంది. కట్టెను చీల్చి, అప్పుడే బయటపడ్డ ముఖం మీద గుచ్చండి. ఓక్ కట్టె చీల్చి పేర్చాక ఆరడానికి రెండేళ్లు పట్టొచ్చు. ‘సీజన్డ్’ అని అమ్మేవాడి మాట మీద వదిలేయకండి.

ముట్టించేటప్పుడు ముందు డాంపర్, అంటే గొట్టం అడుగున ఉండే మూత, తెరిచి ఉందో లేదో టార్చితో చూడండి. బయట గొట్టం చల్లగా ఉంటే చల్లగాలి బరువుగా కిందికి దిగుతూ ఉంటుంది. ఒక న్యూస్‌పేపర్ చుట్టి, వెలిగించి, డాంపర్ దగ్గర ఎత్తి పట్టుకోండి. మంట నాలుక పైకి సాగిందంటే గాలి తిరిగినట్టు. కట్టెలు మన ఊరి పొయ్యిలోలా కింద పుల్లలు పెట్టి రాజేయకండి. లావు దుంగలు అడుగున, వాటిపై సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు పేర్చి, పై నుంచి అంటించండి. మంట మెల్లగా కిందికి దిగుతుంది, గొట్టం మొదటే వేడెక్కుతుంది, పొగ తక్కువ.

ఇక మన వంటిళ్ల సంగతి. పోపు ఘాటు పోవాలని బలమైన హుడ్ పెట్టించుకుంటాం. నిమిషానికి 400 ఘనపుటడుగుల పైన గాలి లాగే హుడ్డుకి బయటి గాలి వచ్చే దారి విడిగా ఉండాలని చాలా ఊళ్ల బిల్డింగ్ కోడ్ అంటుంది. ఆ దారి లేని ఇంట్లో పొయ్యి మండుతుండగా హుడ్ వేస్తే, అది గాలిని గొట్టంలోంచే కిందికి లాగుతుంది. పొగైతే కంటికి కనిపిస్తుంది, దగ్గు వస్తుంది. కణికలు మిగిలిన దశలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా లేవు. అందుకే ప్రతి అంతస్తులో, పడకగదుల బయట ఆ అలారం ఉండాలి. చివరి కణిక ఆరేదాకా డాంపర్ మూయకండి.

భోగి ఇక్కడా చలికాలంలోనే వస్తుంది కాబట్టి ఇదీ చెప్పాలి. పాత కుర్చీలు, ప్లైవుడ్, వార్నిష్ వేసిన చెక్క పొయ్యిలో వేయకండి. రంగులూ జిగురులూ విషపు పొగనిస్తాయి. గిఫ్ట్ కాగితాలు మండుతూనే పైకెగిరి గొట్టంలో మసిని అంటిస్తాయి. నెయ్యి, కర్పూరం కూడా వద్దు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లు ముందు ఆ రోజు గాలి హెచ్చరిక ఉందేమో చూసుకోండి, ఉంటే కట్టెలు కాల్చడం నిషిద్ధం. అక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో కట్టెల పొయ్యికి 2016 నవంబరు నుంచి అనుమతే లేదు.

గొట్టంలో రైలు పోతున్నట్టు మోత వినిపిస్తే మసి అంటుకుందన్నమాట. గాజు తలుపులుంటే మూసి, అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి. పొయ్యిలో బిందెడు నీళ్లు కుమ్మరించకండి. ఆవిరి ముఖానికి కొడుతుంది, వేడి ఇటుక పగులుతుంది.

బూడిద దగ్గర జాగ్రత్త. నివురు గప్పిన నిప్పు అని ఊరికే అనలేదు, లోపలి కణిక రోజుల తరబడి బతికే ఉంటుంది. చల్లారిందనుకుని వాక్యూమ్ పెట్టినా, కాగితం సంచీలో ఎత్తి గరాజ్‌లో పెట్టినా అంటుకుంటుంది. మూత బిగుతుగా పట్టే ఇనుప డబ్బాలో ఎత్తి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో నేల మీద పెట్టండి. చెక్క డెక్ మీద వద్దు. పూర్తిగా ఆరాక పెరట్లో కొద్దిగా చల్లుకోవచ్చు. కరివేపాకు కుండీలో మాత్రం పోయకండి. బూడిద సున్నంలాంటిది, ఆ మొక్కకి కాస్త ఆమ్లపు మట్టే పడుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.