రేపు పండగంటే ఇవాళ రాత్రి పోస్టరా?

వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసల్లో కూర్చున్న అక్కలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకి నమస్కారం. పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చదవమని నా చేతికి చీటీ ఇచ్చారు. అందరికీ కలిపి ఒకే దండం పెట్టేస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోకండి. నాకిచ్చిన అరగంటలో శాలువాలకే చాలా పోయింది. మాట్లాడాల్సిందేమో టైము మిగుల్చుకోవడం గురించి!

నా వెనక ఫ్లెక్సీ చూడండి. "వ్యాపారానికి సోషల్ మీడియా: తక్కువ సమయంలో ప్లానింగ్, కంటెంట్ తయారీ" అని ఉంది. బాగుంది. కానీ ఈ ఫ్లెక్సీ రాత్రి ఏ పదకొండింటికో ప్రింటయి ఉంటుంది. నాకెవరూ చెప్పలేదు. దగ్గరికెళ్తే ఇంకు వాసన ఇంకా గుప్పుమంటోంది. ఈ మీటింగు పెట్టాలని అనుకుని ఎన్నాళ్లయిందో, దాని ఫ్లెక్సీ మాత్రం నిన్న రాత్రి. ఇక నేను కొత్తగా చెప్పేదేముంది?

నేను మొదట డీటీపీ ఆపరేటర్ని. పెళ్లికార్డులు, కరపత్రాలు, తర్వాత ఫ్లెక్సీలు. ఇప్పుడు మన శ్రీకాకుళం చుట్టుపక్కల దుకాణాలకి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ పోస్టులు చేసిపెడుతున్నాను. కంప్యూటర్లు మారాయి, సాఫ్ట్‌వేర్లు మారాయి. రాత్రిపూట వచ్చే ఫోను మాత్రం మారలేదు. "అమ్మా, రేపు రథసప్తమంట, ఒక పోస్టరు ఏసి పెట్టీ." అంట! అరసవల్లి మన ఊళ్లోనే ఉంది. మాఘ శుద్ధ సప్తమి ఎప్పుడొస్తుందో ఏడాది ముందే పంచాంగంలో ఉంటుంది. ఇంతకీ ఆ ఫోను చేసినాయన తన దుకాణం పేరు అచ్చేయించి ఊరంతా క్యాలెండర్లు పంచినాయన. ఆ క్యాలెండరు మా ఇంట్లోనూ వేలాడుతోంది. రథసప్తమి దాంట్లో ఎర్రక్షరాల్లో ఉంది.

నవ్వకండి, ఆ ఫోను మీలో చాలామంది చేస్తారు.

ఫ్లెక్సీ రోజుల్లోది ఒకటి చెప్తాను. ఒక బట్టల దుకాణం ఓపెనింగు. పొద్దున్న ఏడింటికి ముహూర్తం. ముందురోజు సాయంత్రానికే డిజైను చేసి చూపించాను. గంట పని. అప్పుడు మొదలైంది. ఓనరుగారు చూసి, "మా మావ ఫొటో సిన్నదైపోయింది కదమ్మా" అన్నారు. పెంచాను. మామ పెరిగేసరికి బావ తగ్గాడు. ఆ ఫొటో తీసి ఇంటికి పంపారు. ఇంట్లోంచి ఫోను: మా అన్నయ్య అడుగున ఎందుకున్నాడు? అన్నయ్యని పైకి తెచ్చాను. ఈలోగా వార్డు నాయకుడి ఫొటో వచ్చింది, ఆయన్ని అందరికంటే పైన పెట్టాలి. ఆయన పైకెక్కితే స్వర్గస్తులైన తాతగారు కిందికి రావాలి. తాతగారు కిందికొస్తే కొడుకులు ఊరుకుంటారా? అర్ధరాత్రి దాటింది. అందరూ వాళ్ల వాళ్ల మొహాలే చూసుకుంటున్నారు. నేను కింద ఫోను నంబరు చూశాను. తొమ్మిదే అంకెలు. ఆయన రాసిచ్చిన చీటీలోనే తొమ్మిది ఉన్నాయి. "సార్, నంబరు" అంటే, "అదెవరు సూస్తారమ్మా, ముందు మా బావది సరిసెయ్యి" అన్నారు.

ఇంకా విచిత్రం, దుకాణంలో ఏం అమ్ముతారో ఆ ఫ్లెక్సీ మీద ఎక్కడా లేదు. చీరలా, రెడీమేడా, పిల్లల బట్టలా? ఏమో. మామ, బావ, అన్నయ్య, తాతగారు ఉన్నారు.

దీని గురించి ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ జరుగుతున్నది ఇదే. పోస్టు చెయ్యడానికి టైము పట్టడం లేదు. చేశాక "ఓకే" అనిపించుకోవడానికి పడుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏ యాప్ వాడితే పని తొందరగా అవుతుందని అడుగుతారు. యాప్ సంగతి తర్వాత. మీ ఇంట్లో ఓకే చెప్పేది ఎవరో ముందు తేల్చుకోండి. ఒక్కరే ఉండాలి. అన్నదమ్ములిద్దరి దుకాణమైతే ఈ నెల ఒకరు, వచ్చే నెల ఒకరు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అభిప్రాయాలు అడగడం మానెయ్యండి. అక్కడ పిన్నిగారికి రంగు నచ్చదు, దుబాయ్‌లో ఉన్న మేనల్లుడికి లోగో చిన్నగా కనిపిస్తుంది. వాళ్లెవరూ మీ దగ్గర కొనరు. కొన్నా డబ్బులివ్వరు.

సరే, ప్లానింగుకి వస్తాను. ఏ రోజు ఏం పోస్టు పెట్టాలో రాసుకునే పట్టీకి కంటెంట్ క్యాలెండర్ అని పెద్ద పేరు పెట్టి భయపెడతారు గానీ, మనకి అది గోడ మీదే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పెన్ను పట్టుకుని దాని ముందు కూర్చోండి. సంక్రాంతి, ఉగాది, శ్రావణ శుక్రవారాలు గుర్తు పెట్టుకోండి. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకేది మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. బయటూళ్ల జనం వస్తారు. పక్కనే విజయనగరం బేరాలున్నవాళ్లు సిరిమానోత్సవం రాసుకోండి. అది విజయదశమి దాటాక వచ్చే మంగళవారం, తేదీ ఏటా మారుతుంది. ఇవన్నీ ముందే తెలిసినవి. తెలిసినదానికి టెన్షన్ పడటం ఎందుకు?

ఇంకో గుర్తు కూడా పెట్టండి, ఇది బయట క్లాసుల్లో చెప్పరు. మూఢం ఎప్పుడో రాసుకోండి. మూఢంలో పెళ్లిళ్లుండవు. చీరల కొట్లో, బంగారం కొట్లో మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. ఫొటోలూ వీడియోలూ తీసుకోవాల్సింది అప్పుడే. ముహూర్తాల సీజన్లో కస్టమర్ని పక్కకి జరగమని వీడియో తీస్తే ఆ బేరం కూడా పోతుంది. పోస్టు రాయడానికి కూర్చున్నాక ఫొటో కోసం వెతకడమంటే, పొయ్యి మీద బాణలి పెట్టాక వంకాయలకి బజారుకి పంపడమే.

ఏం తియ్యాలి అని అడుగుతారు. "మా దగ్గర చూపించడానికేముందమ్మా, మామూలే కదా" అంటారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పొందూరు ఖాదీ అమ్మే ఒకాయన పేజీలో ఏడాది పొడుగునా గులాబీ పువ్వులు, "శుభ సోమవారం", "శుభ మంగళవారం". రోజూ ఆ పువ్వు వెతకడానికి అరగంట. అయ్యా, పొందూరులో పత్తిని దేంతో దువ్వుతారు? వాలుగ చేప దవడ ఎముకతో! గాంధీగారు మెచ్చుకున్న బట్ట అది. ఇంకెక్కడుందండీ ఇలాంటిది?

నేనే వెళ్లాను. ఒక పెద్దావిడ గుమ్మంలో కూర్చుని దువ్వుతోంది. దవడ మీద పళ్లు సన్నగా, వరసగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. వేలుతో తాకితే గరుగ్గా తగులుతాయి. గింజ చుట్టూ ఉన్న దూదిని దాంతో లాగుతుంటే పీచులన్నీ ఒక పక్కకి సర్దుకుంటాయి, చెత్త రాలిపోతుంది. పత్తి ఒళ్లో, దవడ కుడిచేతిలో. నా వైపు చూడను కూడా చూడలేదు. అడిగి, సరే అన్నాకే స్టూలు మీద ఫోను నిలబెట్టి వదిలేశాను. కాసేపు అలా రికార్డయిందంతే. అందులోంచి ఒక రీల్ వచ్చింది, దవడని దగ్గర్నించి చూపించే ఫొటో వచ్చింది, వాట్సాప్ స్టేటస్‌కి రెండు ముక్కలు వచ్చాయి. "పొందూరు పంచెకి అంత ధర ఎందుకు?" అన్నవాళ్లకి పంపడానికి జవాబు కూడా వచ్చింది. ఆ జవాబు ఎప్పటికీ పాతబడదు, పై ఏడాది కూడా పెట్టుకోవచ్చు. గులాబీ పువ్వుల్లో అలాంటిది ఒక్కటుందా?

బుడితి నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా ఇక్కడ? అదిగో, చెయ్యెత్తారు. మీ ఇత్తడి పనిలో మూస పోసేటప్పుడు తీసిన వీడియో ఉందా మీ ఫోన్లో? లేదు. చూశారా. చేసిన బిందె ఫొటో ఉంటుంది, చేసేటప్పటిది ఉండదు. పని జరుగుతున్నప్పుడు ఫోను నిలువుగా పెట్టి, ఫ్యాను ఆపి, కెమెరా అద్దం కొంగుతో తుడిచి వదిలెయ్యండి. తీసింది అదే రోజు ఒక ఫోల్డర్లో పడెయ్యండి, పేరు తెలుగులోనే పెట్టుకోండి. గ్యాలరీలో మనవరాలి ఫొటోల మధ్య వెతుక్కునే బాధ తప్పుతుంది.

పలాస జీడిపప్పువాళ్లకి ఒక మాట. మీ ఫోన్లో రోజూ ఒకటే ప్రశ్న. డబ్ల్యూ 240కి, డబ్ల్యూ 320కి తేడా ఏంటి? రోజూ అదే జవాబు టైపు చేస్తారు. డబ్ల్యూ అంటే విరగని తెల్ల పప్పు, అంకె అంటే ఒక పౌను తూకానికి ఎన్ని పప్పులు తూగుతాయన్నది. 240 రకంలో 220 నుంచి 240, 320 రకంలో 300 నుంచి 320. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై అని ఉంది. ఈ జవాబు ఒక్కసారి రాసి దాచుకుంటే, తర్వాత ఏటవాలు గీత (/) కొట్టి చిన్న మాట టైపు చేస్తే మొత్తం వచ్చేస్తుంది. అదే జవాబుని మూడు రకాల పప్పులు అరచేతిలో పెట్టి చెప్తే వీడియో. రాసి పెడితే పోస్టు. కస్టమర్లు అడిగేవి ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోండి, రేపేం పెట్టాలన్న బెంగ ఉండదు.

వాట్సాప్‌లో ఒకే మెసేజీ చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఒక లిస్టులో 256 మందే పడతారు, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది. పంపాం, ఎవరూ పలకలేదని మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చోకండి. బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమనండి.

డీటీపీ సెంటర్లో టైపు చేయించుకునేవాళ్లకి ఇంకొకటి. అక్కడ అను ఫాంట్లలో కొడతారు. ఆ మ్యాటరు వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి, మళ్లీ మొదటినుంచి టైపు. కాబట్టి మ్యాటరు ముందు మీ ఫోన్లోనే యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో, ఉంచుకోండి. టైపింగు రాకపోతే కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పండి, అదే రాస్తుంది. తప్పులు ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా ధర. ఫోను నంబరు కూడానండోయ్, పది అంకెలు!

ఇప్పుడందరూ చాట్‌జీపీటీతో రాయిస్తున్నారు. తొందరగా వస్తుంది, కాదనను. కానీ నిన్న ఒక మిఠాయి దుకాణం పోస్టు చూశాను. "రుచుల మధుర ప్రయాణంలో మీ విశ్వసనీయ భాగస్వామి" అని ఉంది. ఏటది? ఆయన కౌంటర్లో కూర్చుని ఎప్పుడైనా అలా మాట్లాడాడా? "ఇప్పుడే దించాం, వేడిగా ఉన్నాయి, రండి" అంటాడు. అదే పెట్టొచ్చు కదా! దాన్ని వాడాలనుకుంటే మీరు మాట్లాడినట్టే చెప్పి, వరస సర్దమనండి. లేకపోతే అది రాసింది దిద్దడానికే పొద్దుపోతుంది.

పోస్టులు ముందే పెట్టి ఉంచుకోవడానికి మెటా బిజినెస్ సూట్‌లో ప్లానర్ ఉంది. డబ్బులక్కర్లేదు. వారానికి ఒకసారి కూర్చుంటే ఫేస్‌బుక్కి, ఇన్‌స్టాగ్రామ్‌కి రెండింటికీ తేదీ, టైము పెట్టేసుకోవచ్చు. అయితే మన జిల్లాలో దీనితో ఒక జాగ్రత్త ఉంది. 2018 అక్టోబరు 11న, దసరాకి వారం ముందు, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు లేక జనం చీకట్లో ఉన్నారు. అలాంటి రోజున మీ పేజీలో దానంతటదే "దసరా ధమాకా" పడిందనుకోండి, ఎలా ఉంటుంది? తుపాను కబురు రాగానే ఆ షెడ్యూలు ఆపెయ్యాలి. అక్టోబరు, నవంబరుల్లో ఆఫర్లు మరీ ముందుగా పెట్టి మర్చిపోకండి.

టైమైపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్కటి చెప్పకుండా దిగను సార్.

మీ దుకాణం పోస్టులు ఎవరు చేస్తున్నారు? నిజం చెప్పండి. నాలాంటివాళ్లకి డబ్బులిచ్చి చేయించేది కొందరే. మిగతా అందరి ఇళ్లలో కాలేజీకెళ్లే పిల్లో, కొత్త కోడలో చేస్తోంది. "మా గుంట సేసేస్తది, దానికి ఫోను బాగా తెల్సు" అంటారు. ఆ గుంట ఎప్పుడు చేస్తుంది? అంట్లు కడిగాక, రికార్డు రాసుకున్నాక, రాత్రి పదిన్నరకి. అప్పుడు నాన్నగారు వచ్చి రంగు మార్చమంటారు. వ్యాపారానికి టైము మిగలడం లేదని మీరు బాధపడుతున్నారు, ఆ పిల్ల నిద్ర ఏ లెక్కలోనూ లేదు. దుకాణంలో గుమాస్తాకి జీతం ఉంది, కరెంటుకి బిల్లు ఉంది. ఈ పనికి మాత్రం పద్దు లేదు. పద్దు లేని పని కాబట్టే ఎన్నిసార్లైనా మార్పిస్తాం. నెలకి ఇంత అని ఆ అమ్మాయి ఖాతాలో వెయ్యండి, మార్పులు రెండుసార్లే అని రాసుకోండి, రాత్రి ఎనిమిది దాటితే పోస్టు మాటే ఎత్తకండి. సార్, ఇది మీ సంఘం తీర్మానంగా రాయిస్తానంటే ఆ మ్యాటరు నేనే టైపు చేసిస్తాను, ఉచితంగా, యూనికోడ్‌లో.

చప్పట్లు ముందు వరస నుంచి తక్కువ వచ్చాయి, వెనక నుంచి ఎక్కువ. అర్థమైంది లెండి.

భోజనాలు ఇంకా వడ్డించలేదట. ఫోన్లు తెచ్చుకున్నవాళ్లు ఉండండి. పలాసవాళ్లు కిటికీ వైపు రండి, ముందు మీ క్విక్ రిప్లైలు పెట్టేద్దాం. బుడితివాళ్లు, మీరు మూస ఎప్పుడు పోస్తారో రోజు చెప్పండి, నేనే వస్తాను. ఛార్జరు వెనక బల్ల దగ్గరుంది, ఒకటే ఉంది, కొట్టుకోకండి.