ఎర్ర రేకు మీద నంబరు చూశాకే డబ్బివ్వండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తా, నేను లాయర్ని కాదు, పన్నుల ఆఫీసరునీ కాదు. టెక్సస్‌లో ఒక పాత మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో తయారై చక్రాల మీద వచ్చే ఇల్లు) కొని చేయి కాల్చుకున్నవాణ్ణి, అంతే.

ఇల్లు మొబైల్ హోమ్ పార్కులో, అంటే ఇలాంటి ఇళ్లు వరసగా పెట్టుకునే చోట ఉంది. నేల పార్కువాళ్లది, ఇల్లు మాది, నెలనెలా లాట్ రెంటు కడతాం. 18 వేల డాలర్లు నగదుగా ఇచ్చాను, అమ్మినాయన బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం చీటీ) మీద సంతకం పెట్టి తాళాలిచ్చాడు, పాపం కాఫీ కూడా ఇప్పించాడు. అది మార్చి నెల. పేరు మార్పు పని రేపు మాపు అంటూ జూలై దాకా లాగాను (అసలు అమ్మకమైన 60 రోజుల్లో దరఖాస్తు చేయాలి, అదీ నా తప్పే). తీరా కౌంటీ పన్నుల ఆఫీసుకెళితే కౌంటర్లో ఆవిడ స్క్రీన్ చూసి మూడేళ్ల ఆస్తిపన్ను బకాయి ఉందంది. అప్పటికి 2,300 డాలర్ల పైచిలుకు!

అది నాది కాదు కదా అన్నాను. సగం నిజమే. జనవరి 1న ఇల్లు ఎవరి పేరున ఉందో ఆ ఏడాది పన్నుకు ఆ మనిషే బాధ్యుడు. కానీ అదే తేదీన ఇంటి మీద కూడా లీన్, అంటే బాకీ తీరేదాకా ఆస్తి మీద ఉండే హక్కు, పడుతుంది, పన్నుల ఆఫీసు దాన్ని రాష్ట్ర రికార్డులో ఎక్కించిందంటే ఇల్లు ఎవరి చేతికి మారినా వెంట వస్తుంది. మనిషి ఫోన్ నంబరు మార్చుకుని పోతాడు, ఇల్లెక్కడికి పోతుంది?

మొత్తం అంత ఎలా పెరిగిందంటే, పన్ను జనవరి 31 లోపు కట్టాలి. ఫిబ్రవరి రాగానే 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ. జూలైకి జరిమానా 12కి చేరి వడ్డీతో కలిపి 18 శాతమవుతుంది, ఆపైన లాయర్ల వసూలు ఖర్చని ఇంకో 20 శాతం దాకా వేయొచ్చు, వడ్డీ మాత్రం నెలకొక శాతం చొప్పున నడుస్తూనే ఉంటుంది.

గుంటూరులో మా నాన్న ఇల్లు కొన్నప్పుడు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసి, అయినా ఊరుకోక ఇంటిపన్ను రసీదులు కూడా అడిగారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, మున్సిపాలిటీ బకాయి కనిపించదు మరి. ఆ జాగ్రత్త ఇక్కడికొచ్చాక నాకెందుకు పోయిందో! చక్రాల మీద వచ్చిన ఇల్లే కదా, కారు కొన్నట్టే అనుకున్నాను.

1976 జూన్ 15 తర్వాత తయారైన ఇంటికైతే బయట ఎర్రటి చిన్న రేకు ఒకటి కొట్టి ఉంటుంది, హెచ్‌యూడీ (కేంద్ర గృహనిర్మాణ శాఖ) లేబుల్ అంటారు. డబుల్ వైడ్ (రెండు ముక్కలు కలిపిన ఇల్లు) అయితే రెండు రేకులు, రెండు నంబర్లు, రెండూ రాసుకోండి. ఆ నంబరుతో ఆస్టిన్‌లోని టెక్సస్ హౌసింగ్ అండ్ కమ్యూనిటీ అఫైర్స్ శాఖ వెబ్‌సైట్లో వెతికితే యజమాని పేరు, లీన్లు రెండూ కనిపిస్తాయి. నేను వెతికితే రికార్డులో అమ్మినాయన పేరే లేదు, ఆయనకు అమ్మినావిడ పేరుంది! అంటే ఆయనా నాలాగే బిల్ ఆఫ్ సేల్ జేబులో పెట్టుకుని తిరిగాడన్నమాట. ఇక్కడ యజమాని ఎవరో చెప్పే కాగితం స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్.

ఇంకో మెలిక ఉంది. పేరు మార్పుకు పన్ను బాకీ లేదని కౌంటీ నుంచి కాగితం తేవాలి, కానీ అది అమ్మకానికి ముందు 18 నెలల్లో వచ్చే జనవరి 1ల వరకే. అంతకు ముందరి ఏళ్ల సంగతి మీరే నోరు తెరిచి అడగాలి. పర్సనల్ ప్రాపర్టీగా, అంటే నేలతో కలపకుండా విడి ఆస్తిగా ఉన్న ఇంటి మీద నాలుగేళ్లు దాటిన బకాయికి దావా వేయకూడదు. అదే నేలతో కలిపి రియల్ ప్రాపర్టీగా (స్థిరాస్తిగా) మార్చిన ఇల్లయితే గడువు 20 ఏళ్లు. పాతది కదా, పోయుంటుందిలే అని వదిలేయకండి.

బేరం కుదిరాక కూడా మొత్తం ఇచ్చేయొద్దు. బకాయి ఉంటే ఆ మేరకు చెక్కు నేరుగా కౌంటీ పేరున రాసి, మిగతాదే అమ్మేవాళ్లకివ్వండి. మంచివాడైతే ఏమీ అనుకోడు. నేను మాత్రం అంతా కట్టేశాను. అమ్మినాయన రెండుసార్లు ఫోనెత్తాడు, మూడోసారి ఎత్తలేదు.

ఈ నెలలో ఎవరైనా కొనబోతుంటే ఆ రేకు ఫొటో ఉందా మీ దగ్గర? భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి, ఫోన్లోనే వెతికి చూద్దాం.