బీటన్ కొనేముందు యూవీ టార్చ్ వేయండి

హోస్ట్: మేడమ్, అమ్మకానికొచ్చిన ఇంగ్లండ్ రచయిత్రి మిసెస్ బీటన్ పాత వంట పుస్తకం మీద 1861 అనుంటే, మొదటి ముద్రణేనని డబ్బు కట్టేయొచ్చా?

గెస్ట్: తొందరపడకూడదండీ. దానికి టైటిల్ పేజీలు రెండుంటాయి. రంగుల పేజీ అడుగున పబ్లిషర్ అడ్రస్ చూడాలి. 18 బూవరీ స్ట్రీట్ అయితే తొలి విడత. 248 స్ట్రాండ్ అయితే తర్వాతది, ధర బాగా తగ్గాలి.

హోస్ట్: సంవత్సరమే వేయనివీ బోలెడు దొరుకుతాయి కదా?

గెస్ట్: అవి ఎక్కువగా వార్డ్ లాక్ అనే పబ్లిషర్ వాళ్లవి. ఇసబెల్లా బీటన్ 1865లో, 28 ఏళ్లకే పోయారు. ఆ తర్వాత హక్కులు వీళ్లకు దక్కాయి. లోపల ఎవరైనా తేదీ వేసి కానుకగా రాసిచ్చారేమో చూడండి. ఆ తేదీకి ముందే అచ్చయిందని అయినా తేలుతుంది.

హోస్ట్: పేజీల సంగతి?

గెస్ట్: ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. 1,112 పేజీలు! ఆ బరువుకి వెన్ను విరిగి, ముందు కాగితాలు ఊడతాయి. పైగా ఇందులో ఇండెక్స్ మొదట్లోనే ఉంటుంది, వంట చేసేవాళ్లు మాటిమాటికీ తిప్పేది దాన్నే. ఊడినచోట నకలు కాగితం అతికించి అమ్మేవాళ్లున్నారు. చీకట్లో యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేయండి. ఇప్పటి తెల్ల కాగితం చాలావరకు నీలంగా మెరుస్తుంది, పాతది మెరవదు. నూనె మరకలంటారా, ఉండనివ్వండి. బ్లీచ్ చేయిస్తే కాగితం పెళుసెక్కుతుంది.

హోస్ట్: ఇంగ్లండ్ రచయిత్రి హానా గ్లాస్ 1747 వంట పుస్తకానికీ ఇదే పద్ధతా?

గెస్ట్: దానికి టార్చ్ కన్నా కిటికీ వెలుతురు మేలు. కాగితాన్ని ఎత్తి పట్టుకుంటే సుమారు అంగుళం ఎడంలో నిలువు గీతలు కనిపించాలి, అది ఆనాటి కాగితం గుర్తు. ఇక సంతకం. మొదటి ముద్రణలో ఆమె పేరే లేదు, ఒక స్త్రీ రాసిందని మాత్రమే ఉంటుంది. దొంగ అచ్చులు ఆపడానికి 1751 నాటి నాలుగో ముద్రణలో మొదటి అధ్యాయం పైన సంతకం వేశారు. అంటే సంతకం కనిపిస్తే అది మొదటి ముద్రణ కాదన్నమాట!

హోస్ట్: అందులో మన కూర కూడా ఉందిగా?

గెస్ట్: ఉంది, ఇండియా పద్ధతి కర్రీ అని. కోడి లేదా కుందేలు మాంసం, మూడు నాలుగు చిన్న ఉల్లిపాయలు, 30 మిరియాలు, పెద్ద చెంచాడు బియ్యం, శుభ్రమైన పార మీద వేయించి దంచిన ధనియాలు. పసుపు, అల్లం తర్వాతి ముద్రణల్లో చేరాయి. వంటల చరిత్ర కోసం సేకరించేవాళ్లు రెండు ముద్రణల్లోని వంటకాన్నీ పక్కపక్కన పెట్టుకోవాల్సిందే. 1747ది అసలు ప్రతి అందుబాటులో లేకపోతే ఫాక్సిమిలీ, అంటే పాత పేజీలను ఉన్నవున్నట్టు తీసిన పునర్ముద్రణ తీసుకుని, డబ్బు తర్వాతి ముద్రణ మీద పెట్టండి.