సికిల్ సెల్ నొప్పికి మార్ఫిన్ సూది: కలపడం, ఇవ్వడం, కనిపెట్టుకుని ఉండడం

సిస్టర్లకు, బ్రదర్లకు, ఫార్మసిస్టులకు, వైద్యాధికారులకు నమస్కారం.

రాయగడ, గుణుపురం, కోరాపుట్, పర్లాకిమిడి వైపు పనిచేసేవాళ్లకు సికిల్ సెల్ రోగిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కాళ్లు, నడుము, ఛాతీ పట్టుకుని మెలికలు తిరుగుతూ వస్తారు. పారాసెటమాల్, డైక్లోఫెనాక్‌కు లొంగని నొప్పి అది. డాక్టరుగారు మార్ఫిన్ రాస్తారు. అక్కడి నుంచి మన పని ఎలా ఉండాలన్నదే ఈ రోజు విషయం.

ముందు ఒక్క మాట. ఈ జబ్బులో నొప్పి తగ్గించకపోయినా ప్రమాదమే, మందు ఎక్కువైనా ప్రమాదమే. పక్కటెముకల్లో నొప్పి ఉన్న మనిషి గట్టిగా ఊపిరి పీల్చడు. పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుంటుంది, అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది, ఈ జబ్బులో కొడవలిలా వంగే ఎర్రకణాలు ఇంకా వంకర తిరుగుతాయి. మందు మోతాదు దాటితే ఊపిరి మందగిస్తుంది, అప్పుడూ జరిగేది ఇదే. అందుకే మార్ఫిన్‌ని దాచిపెట్టి కూర్చోవడం జాగ్రత్త అనిపించుకోదు. ఆస్పత్రికి వచ్చిన గంటలోపు మొదటి డోసు పడాలి. ఫోను చూసుకుంటున్నాడు కాబట్టి నొప్పి లేదు, మాటిమాటికీ వస్తున్నాడు కాబట్టి మందుకి అలవాటు పడ్డాడు అని మనమే తీర్పు చెప్పెయ్యకూడదు. చిన్నప్పటి నుంచి నొప్పితో బతికినవాడు అరవకుండా భరించడం నేర్చుకుంటాడు. సున్నా నుంచి పది వరకు ఎంతో చెప్పమని అడగండి. కువి, సవర మాట్లాడే ముసలమ్మకు అంకెలు అర్థం కాకపోతే చేతివేళ్లు చూపించి అడగండి. వచ్చిన జవాబు కేసు షీటులో రాయండి.

మార్ఫిన్ బదులు వాడే సూదుల గురించి క్లుప్తంగా చెప్తాం. పెథిడిన్ వద్దు. అది శరీరంలో నార్‌పెథిడిన్‌గా మారి, పేరుకుని, ఫిట్స్ తెస్తుంది. సికిల్ సెల్‌లో మూత్రపిండాలు ముందే దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి ఇంకా త్వరగా పేరుకుంటుంది. పెంటజోసిన్, ఫెనర్గాన్ కలిపి కొట్టే అలవాటు చాలా చోట్ల పాతుకుపోయింది. అది మానాలి. ఫెనర్గాన్ నొప్పి తగ్గించదు, మత్తు మాత్రం పెంచుతుంది. పెంటజోసిన్ ఒకే చోట పదేపదే పొడిస్తే కండ గట్టిపడి పుండ్లు పడతాయి. పైగా అప్పటికే మార్ఫిన్ మీద ఉన్నవాళ్లకి ఇస్తే నొప్పి తిరగబెడుతుంది. మార్ఫిన్ లేని చోట ట్రమడాల్ ఇస్తారు. 2 మి.లీ. ఆంపూల్‌లో 100 మి.గ్రా. ఉంటుంది, నరంలోకి కనీసం 2, 3 నిమిషాలు పట్టేలా ఎక్కించాలి, రోజుకి 400 మి.గ్రా. దాటకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లకి వద్దు.

ఇక మార్ఫిన్ కలపడం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మన దగ్గర 1 మి.లీ. ఆంపూల్ రెండు బలాల్లో వస్తుంది: 10 మి.గ్రా., 15 మి.గ్రా. గాజు చూడటానికి ఒకలాగే ఉంటుంది. ‘ఒక ఆంపూల్ అంటే పది’ అని గుర్తుపెట్టుకున్న చెయ్యి, స్టోరు నుంచి పదిహేను వచ్చిన రోజు ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. కాబట్టి ఆంపూల్ విరిచే ముందు లేబుల్ పైకి చదవండి, రెండో మనిషి చూడాలి. 10 మి.గ్రా. ఆంపూల్ అయితే 9 మి.లీ. సెలైన్ కలిపి మొత్తం 10 మి.లీ. చెయ్యండి. 15 మి.గ్రా. అయితే 20 మి.లీ. సిరంజిలో 14 మి.లీ. సెలైన్ కలిపి మొత్తం 15 మి.లీ. చెయ్యండి. ఎలా చేసినా 1 మి.లీ.కి 1 మి.గ్రా. వస్తుంది, ఇక లెక్క తప్పదు. వెంటనే సిరంజి మీద ప్లాస్టర్ అంటించి మందు పేరు, బలం, కలిపిన టైము రాయండి. పేరు రాయని సిరంజి ట్రేలో ఉంటే అది పారెయ్యాల్సిందే. అందులో ఏముందో నాకు గుర్తుందనే మాట చెల్లదు.

బరువు అడగొద్దు, తూచండి. ఈ జిల్లాల్లో పెద్దవాళ్లు 40 కిలోలు ఉండటం మామూలే. మొదటి విడతకి మొత్తం కిలోకి 0.1 మి.గ్రా., అంటే 40 కిలోల మనిషికి 4 మి.గ్రా. అదీ ఒక్కసారిగా కాదు. నరంలోకి 2 మి.గ్రా. నిదానంగా, 5 నిమిషాలు ఆగి, నొప్పి, మెలకువ, ఊపిరి చూసి ఇంకో 1 లేదా 2 మి.గ్రా. ముసలివాళ్లకు, మూత్రపిండాలు సరిగా పనిచెయ్యక రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లకు సగం చాలు, డోసుల మధ్య ఎడం కూడా పెంచాలి. మార్ఫిన్ తాలూకు విరిగిన పదార్థాలు మూత్రంలోనే పోవాలి, పోకపోతే మత్తు రెండో రోజున బయటపడుతుంది. పిల్లల మోతాదు ప్రతిసారీ డాక్టరు రాసిన అంకె ప్రకారమే.

పిరుదులో కండకి ఇస్తే తేలికే కదా అంటారు. నీళ్లు తగ్గి, చేతులు కాళ్లు చల్లబడి వచ్చిన మనిషికి కండలోంచి మందు ఎప్పుడు రక్తంలో కలుస్తుందో చెప్పలేం. అరగంటైనా తగ్గలేదని రెండోది పొడుస్తాం. ఆ తర్వాత రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. నరం దొరకకపోతే చర్మం కింద ఇవ్వడం మేలు. ఇంకొకటి: ఇచ్చాక, నరంలో పెట్టిన గొట్టం కాన్యులాని సెలైన్‌తో తోయడం మరవొద్దు. గొట్టంలో మిగిలిన మందు, తర్వాత యాంటీబయాటిక్ తోసినప్పుడు ఎవరూ ఊహించని డోసై లోపలికి పోతుంది.

కనిపెట్టుకుని ఉండడం సూది కంటే పెద్ద పని. డోసు ఇస్తున్నంత సేపూ 5 నిమిషాలకోసారి, ఆపాక మొదటి గంట 15 నిమిషాలకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి చూడండి. రోగిని లేపకముందే ఊపిరి లెక్కపెట్టండి, ఎందుకంటే పలకరిస్తే ఊపిరి పెరుగుతుంది. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే పనికిరాదు. ఊపిరి తగ్గే కంటే ముందు మత్తు పెరుగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో నిద్రలోకి జారుకుంటే తర్వాతి డోసు ఆపి డాక్టరుని పిలవండి. గురక పెడుతుంటే హాయిగా పడుకున్నాడని వెళ్లిపోకండి. ఆక్సిజన్ పెట్టిన మనిషికి వేలి మీటరు 97 చూపించినా ఊపిరి బాగుందని కాదు, మీటరు ఆ సంగతి చాలా ఆలస్యంగా చెప్తుంది. మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి మూడు బంతుల స్పైరోమీటరుతో పది ఊపిర్లు తీయించండి. దురద వస్తే అన్నిసార్లూ ఎలర్జీ కాదు, మార్ఫిన్‌కి మామూలే. విరేచనం బిగిస్తుంది కాబట్టి రెండో రోజు దాకా ఆగకుండా మొదటి రాత్రే విరేచనం అయ్యే మందు బిసాకొడిల్ అడగండి.

ఊపిరి నిమిషానికి 8 కంటే తగ్గినా, ఎంత పిలిచినా లేవకపోయినా: మందు ఆపండి, భుజం తట్టి ఊపిరి తీసుకోమని గట్టిగా చెప్పండి, గడ్డం ఎత్తండి, ఆక్సిజన్ పెట్టండి. చాలకపోతే, చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్‌తో 5, 6 సెకన్లకోసారి గాలి ఇవ్వండి. మార్ఫిన్‌కి విరుగుడైన నలోక్సోన్ కోసం వెతుకుతూ బ్యాగ్ మరిచిపోతే మనిషి పోతాడు. నలోక్సోన్ 0.4 మి.గ్రా. ఆంపూల్‌ని సెలైన్‌తో 10 మి.లీ. చేసి, 2 నిమిషాలకోసారి 1 లేదా 2 మి.లీ. ఇవ్వండి. ఊపిరి 10 దాటితే చాలు. పూర్తిగా లేపాలని చూస్తే మార్ఫిన్ పని పూర్తిగా పోయి, నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఊపిరి పూర్తిగా ఆగితే మాత్రం లెక్కలు వద్దు, ఆంపూల్ మొత్తం ఇచ్చెయ్యండి.

తాళం, రిజిస్టరు సంగతి మీకు తెలుసు. మత్తుమందుల చట్టానికి (ఎన్.డి.పి.ఎస్.) 2014లో చేసిన సవరణ తర్వాత గుర్తింపు పొందిన సంస్థకు మార్ఫిన్ తెప్పించడం తేలికైంది, కానీ ప్రతి ఆంపూల్‌కీ లెక్క ఉండాలి. సగం వాడితే మిగిలింది సాక్షి ముందు పారబోసి ఇద్దరూ సంతకం పెట్టండి. పక్క మంచానికి దాచొద్దు.

చివరిది, రిఫరల్. ఇక్కడి రోగి కోరాపుట్ వెళ్లొచ్చు, బరంపురం వెళ్లొచ్చు, బంధువులున్నారని పార్వతీపురమో విశాఖపట్నమో పోవచ్చు. అక్కడివాళ్లకి మీ స్టోరులో ఏ బలం ఉందో తెలియదు. చీటీలో ‘ఒక మి.లీ. ఇచ్చాం’ అని రాయకండి. ఎన్ని మి.గ్రా., ఏ దారిలో, ఎన్నింటికి, రోగి బరువెంత, బయల్దేరేటప్పుడు ఊపిరెంత, నలోక్సోన్ పడిందా లేదా అన్నీ రాయండి. నలోక్సోన్ పడిన మనిషిని వెంటనే బండెక్కించొద్దు. దాని పని 30 నుంచి 90 నిమిషాల్లో అయిపోతుంది, మార్ఫిన్ ఇంకా ఉంటుంది, మత్తు మళ్లీ కమ్ముకొస్తుంది. కనీసం నాలుగు గంటలు ఉంచి చూడండి. ఆగలేని పరిస్థితైతే బండిలో ఊపిరి లెక్కపెట్టడం తెలిసిన మనిషి, అంబు బ్యాగ్, మరో రెండు నలోక్సోన్ ఆంపూల్స్ వెంట వెళ్లాలి.