ముక్కులో రోజూ కొత్త తీగలు, మెదడులో మాత్రం అదే మ్యాప్

ముక్కు లోపల, బాగా పైభాగంలో, వాసన పట్టే న్యూరాన్లు (నాడీకణాలు) ఉంటాయి. అవి జీవితాంతం ఉండవు. కొంతకాలం పనిచేసి చనిపోతాయి, వాటి చోట కొత్తవి పుడతాయి. పుట్టిన ప్రతిదీ ఆక్సాన్ అనే సన్నని తీగను మెదడులోకి పంపి, సరైన చోట కలుపుకోవాలి. ఇంత మార్పు జరుగుతున్నా పొగ వాసన ఎప్పుడూ పొగ వాసనగానే వస్తుంది. ఎలా? దీనికి జవాబు కావాలంటే ఆ తీగలు మొట్టమొదట ఎలా పడ్డాయో చూడాలి.

1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కలిసి ఎలుకల్లో వాసన రిసెప్టర్ల (న్యూరాన్ మీద ఉండి వాసనను పట్టే ప్రొటీన్ల) జన్యువులను కనిపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. (తీగ పేరు ఆక్సాన్, సైంటిస్టు పేరు ఆక్సెల్. కంగారు పడకండి.) ఇలాంటి జన్యువులు పనిచేసే స్థితిలో చిట్టెలుకకు వెయ్యికి పైగా, మనకు సుమారు 400 ఉన్నాయి. ఒక్కో న్యూరాన్ వాటిలో ఒక్కదాన్నే వాడుకుంటుంది, మిగతావన్నీ మూసేస్తుంది. ఏది దక్కుతుందన్నది చాలావరకు లాటరీయే. కాబట్టి ముక్కులో పక్కపక్కనే ఉన్న రెండు న్యూరాన్లు వేర్వేరు వాసనలు పట్టేవి కావచ్చు.

అంతా ఇలా కలగాపులగంగా ఉంటే మెదడుకు ఏం అర్థమవుతుంది? 1996లో పీటర్ మాంబార్ట్స్, ఆక్సెల్ ల్యాబ్‌లో పనిచేస్తూ, చిట్టెలుకల్లో ఒకే రిసెప్టర్ ఉన్న న్యూరాన్లకు మాత్రం నీలం రంగు పట్టేలా చేశారు. ముక్కంతా చెదిరి ఉన్న ఆ నీలి తీగలన్నీ ఆల్‌ఫ్యాక్టరీ బల్బ్ అనే మెదడు భాగానికి చేరి, అక్కడ రెండే రెండు చుక్కల దగ్గర కలిశాయి. ఆ చుక్కలను గ్లోమెరులస్‌లు అంటారు. మరో ఎలుకలో చూసినా దాదాపు అదే చోటు.

నన్ను అడిగితే అసలు విశేషం ఆ తర్వాతిది. ఆ న్యూరాన్లలో రిసెప్టర్ జన్యువు తీసేసి ఇంకోటి పెడితే తీగ వేరే చోటికి వెళ్లింది! ముక్కులో వాసన పట్టే ప్రొటీనే మెదడులో తీగ ఎక్కడికి చేరాలో నిర్ణయించడంలోనూ పాలుపంచుకుంటోంది. ఉత్తరంలో రాసిన విషయమే కవరు మీద అడ్రస్ కూడా అయినట్టు.

ఇది ఎలా పనిచేస్తుందో జపాన్‌లో హితోషి సకానో బృందం చాలావరకు విప్పి చూపింది. వాసన ఏదీ తగలకపోయినా రిసెప్టర్ ఊరికే ఉండదు, తనంతట తానే కొంచెం కొంచెం సిగ్నల్ ఇస్తూ ఉంటుంది. ఈ సిగ్నల్ ఎంత ఉంటుందన్నది రిసెప్టర్‌ను బట్టి మారుతుంది. దాన్ని బట్టి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం, దాన్ని బట్టి తీగ కొస మీద న్యూరోపిలిన్ అనే ప్రొటీన్ పెరుగుతాయి. ఎక్కువున్న తీగలు బల్బ్ వెనక వైపుకు, తక్కువున్నవి ముందు వైపుకు. పైకా కిందికా అన్నది మాత్రం ముక్కులో న్యూరాన్ ఉన్న చోటును బట్టి. చివరి సర్దుబాటు తీగల మధ్యే జరుగుతుంది: ఒకే రకానివి అతుక్కుంటాయి, వేరేవి దూరం జరుగుతాయి. అంటే మొదటి మ్యాప్ గీయడానికి బయటి వాసన దాదాపు అక్కర్లేదు.

వాసనతో పరిచయం మాత్రం కడుపులోనే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో బెన్వా షాల్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, గర్భం చివరి రోజుల్లో తల్లి సోంపు రుచి ఉన్నవి తింటే, పుట్టిన కొన్ని గంటలకే బిడ్డ సోంపు వాసన వైపు తల తిప్పింది. సోంపు తినని తల్లుల బిడ్డలు ఆ ఇష్టం చూపలేదు.

మధ్యలో ఒక మాట. యుక్తవయసును మొదలుపెట్టే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను తయారుచేసే న్యూరాన్లు కూడా పిండంలో ముక్కు దగ్గరే పుడతాయి. ఈ వాసన నాడుల (అంటే మనం చెప్పుకున్న తీగల కట్టల) వెంటే నడిచి మెదడులోకి వెళ్తాయి. నాడులు సరిగ్గా ఏర్పడకపోతే అవి దారిలోనే ఆగిపోతాయి. కాల్‌మన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే సమస్యలో వాసన తెలియకపోవడం, యుక్తవయసు రాకపోవడం రెండూ కలిసి ఉండేది ఇందుకే.

ఇక మొదటి ప్రశ్న: న్యూరాన్లు మారుతున్నా వాసన ఎందుకు మారదు? 2014లో వచ్చిన రెండు పరిశోధనలు చిట్టెలుకల్లో ఒక గడువు ఉందని చూపించాయి. పుట్టాక సుమారు మొదటి వారం లోపు తీగలను దారి తప్పించి, మళ్లీ మామూలుగా వదిలేస్తే అవి సర్దుకున్నాయి. గడువు దాటితే తప్పు అలాగే నిలిచిపోయింది. ఆ తర్వాత పుట్టిన న్యూరాన్లు పాత తీగల వెంటే వెళ్తాయి, పాతవి తప్పులో ఉంటే ఆ తప్పులోకే. రోజువారీ మార్పిడి ఇబ్బంది లేకుండా సాగుతున్నది దారి చూపే పాత తీగలు పక్కనే ఉండటం వల్ల.

నాడి మొత్తం తెగిపోతే? అప్పుడు దారి చూపడానికి పాతవి మిగలవు. ఎలుకల్లో తీగలు మళ్లీ పెరిగాయి కానీ చాలా వరకు వేరే చుక్కలకు చేరాయి. వైరల్ జ్వరం తర్వాత లేదా తలకు దెబ్బ తగిలాక కొందరికి తెలిసిన వాసనే కుళ్లు కంపులా అనిపిస్తుంది, దాన్ని పారోస్మియా అంటారు. దానికి సైంటిస్టులు చెప్పే వివరణల్లో ఈ తప్పు కనెక్షన్ ఒకటి. ఇలాంటివాళ్లకు డాక్టర్లు చెప్పే ప్రాక్టీస్ ఒకటుంది: కొన్ని ఎంచుకున్న వాసనలను రోజుకు రెండుసార్లు, నెలల తరబడి, శ్రద్ధగా పీల్చడం. అందరికీ ఒకేలా పనిచేయదు, కానీ కొందరికి మెరుగవుతుంది.